పదకొండో సోమవారం

రమీజాకి ఒక అలవాటుంది. ఎంత చితికిపోయిన కారు తాళమైనా, తెచ్చినవాళ్ళ చేతిలో ఒకసారి పెట్టించి, గుప్పిట మూయించి, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు ముట్టుకుంటుంది. “ఎవరి తాళమో దానికి కాస్త గుర్తు చెయ్యాలిగా” అంటుంది నవ్వుతూ. విజయవాడ ఆటోనగర్‌లో ఆమె కొట్టు పక్కనే వెల్డింగు షెడ్డు పెట్టుకున్న పోతురాజు, చచ్చిన తాళానికి గుర్తేమిటని ఎగతాళి చేస్తుంటాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నం నాగభూషణం మాస్టారి అరచేతిలో తాళం పెట్టినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

“ముయ్యండి మాస్టారూ.”

ఆయన గుప్పిట మూశాడు. పగిలిన ప్లాస్టిక్కు అంచు అరచేతిలో గుచ్చుకుంది. మీటలు రెండూ లోపలికి కుంగిపోయాయి. వెనకవైపు పసుపు మరక ఒకటి, వంటింట్లోంచి హడావుడిగా వచ్చి పట్టుకున్న బొటనవేలిది, ఇంకా పోలేదు.

“అమ్మగారిదే కదా?”

“ఊఁ. కొత్త బోర్డు వేసి ఇవ్వు.”

రమీజా కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆయన వంక చూసింది. “బోర్డు మారిస్తే పాతదాన్లో ఉన్నదంతా పోతుంది. మళ్ళీ రాదు.”

“తెలుసు.”

“తెలిసే అడుగుతున్నారా?”

“తెలిసే.”

ఈ రెండు జవాబులూ ఆయన బస్సులో వస్తూ ముందే కూర్చుకున్నాడు. పటమటలో ఎక్కినప్పటినుంచి పెదవులు కదపకుండా వల్లె వేశాడు. ఇక్కడికొచ్చి చూస్తే కొట్టు షట్టరు సగం దించి ఉంది. లోపలికి రావాలంటే వంగాలి. వంగినప్పుడు, సరిగ్గా కళ్ళకి ఎదురుగా, షట్టరు మీద అతికించిన నోటీసు కనిపించింది. విచారణ పూర్తయ్యేదాకా ఈ కొట్టు లైసెన్సు నిలిపివేయడమైనది. ఫిర్యాదుదారు పేరు దగ్గర ఆయన కూతురు శరణ్య పేరుంది.

షెడ్డులోంచి పోతురాజు కేకేశాడు. “ఏంటమ్మా రమీజా, నీ మీద కేసు పెట్టినోళ్ళకే పని చేస్తున్నావా? టీ కూడా చెప్పమంటావా ఏంటి?”

“చెప్పన్నా. ఒకదాంట్లో పంచదార తక్కువ. మాస్టారికి ఎక్కువైతే పడదు.”

పాతికేళ్ళ కిందట స్టాఫు రూముకి టీ మోసుకొచ్చిన పిల్లకి అది ఇంకా గుర్తుంది. ఆయన తల దించుకుని బల్ల మీది రాగి తీగల చుట్టను చూస్తూ కూర్చున్నాడు.

ఆయన భార్య హైమవతి పోయి నలభై మూడు రోజులైంది. కంకిపాడు దాటాక కాలవ వంతెన మలుపులో స్టీరింగు తిరగలేదు. బండి పిట్టగోడని గుద్దుకుంది. బండిలో ఆవిడ ఒక్కతే. రోడ్డు మీద ఇంకెవరికీ ఏమీ కాలేదు. పోస్టుమార్టం చేసిన డాక్టరు, ఆవిడ చేతి కండరాలు చాలా నెలలుగా చిక్కిపోతున్నాయనీ, నరాల జబ్బనీ, ఇంట్లో ఎవరూ గమనించలేదా అనీ అడిగాడు.

శరణ్య పట్టుకున్నది ఆ మాటే. ఎవరూ గమనించకపోతే పోనీ, తాళం ఎందుకు గమనించలేదు?

ఆ తాళాలు వచ్చి ఆరేడేళ్ళయింది. పాత తాళం ఎవరి చేతిలో పడితే వాళ్ళ మాట వినేది. ఇది చేతిని చూస్తుంది. వేళ్ళు ఎంత గట్టిగా నొక్కుతున్నాయి, ఏ వేలు ముందు మూసుకుంటుంది, కంటికి కనపడని వణుకు ఎంతుంది, వెచ్చదనం ఎంతుంది, అన్నీ చూసి, తనకి తెలిసిన చెయ్యయితే పచ్చ దీపం వెలిగిస్తుంది. పరాయి చెయ్యయినా, తాగిన చెయ్యయినా, జబ్బుపడిన చెయ్యయినా ఎర్ర దీపం వెలుగుతుంది, ఇంజను కదలదు. రోజూ పొద్దున మొదటిసారి తీసినప్పుడు మాత్రమే ఆ పరీక్ష. తర్వాత రోజంతా అడగదు.

వేలికి కట్టు కట్టుకున్నా, గోరింటాకు మందంగా పెట్టుకున్నా అది తికమకపడుతుంది కనక, ఇంట్లోనే మళ్ళీ నేర్పుకునే వీలు పెట్టారు. మీటలు రెండూ కలిపి పట్టుకుని పదిసార్లు గుప్పిట బిగిస్తే, ఇకనుంచి ఇదే మామూలు చెయ్యి అని అది ఒప్పుకుంటుంది. నెలలో రెండోసారి నేర్పాల్సి వస్తే డాక్టరుకి గానీ, లైసెన్సున్న కొట్టులో గానీ చూపించండి అని కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం నాగభూషణం మాస్టారి భౌతికశాస్త్రం పుస్తకంలో ఇప్పటికీ ఉంది. పేజీ గుర్తుకోసం పెట్టుకున్నాడు.

హైమవతి తాళాన్ని చివరగా తెరిచింది రమీజా. ఎండాకాలంలో బ్యాటరీ మార్చింది. ఆ తర్వాతే అది ఆవిడ చేతిని ప్రశ్నించడం మానేసిందంటే, ఏదో తప్పు అతుకు పడిందనేగా అర్థమని శరణ్య వాదన. తాళం ముక్కలైంది కాబట్టి అందులో ఏముందో చదవలేమని కంపెనీవాళ్ళు రాసిచ్చారు. విచారణ గురువారం. శరణ్య ఆ తాళాన్ని అధికారి చేతికి ఇవ్వాలని కవరులో పెట్టి బీరువాలో దాచింది. ఈ పొద్దున ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు తండ్రి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

ఎవరైనా చదవగలిగితే అందులో ఏం దొరుకుతుందో ఆయనకి తెలుసు. అందుకే కొత్త బోర్డు కావాలి.

మొదటి సోమవారం ఆయన గడ్డం గీసుకుంటున్నాడు.

“ఏమండీ, ఎర్రగా వెలిగింది. ఓసారి చూడరూ?” అంది హైమవతి గుమ్మంలోంచి. ఆవిడ అంగన్‌వాడీ సూపర్‌వైజరు. తొమ్మిదింటికల్లా కంకిపాడు అవతల ఉండాలి. చేతిలో రిజిస్టర్లు, భుజాన సంచీ.

ఆయన సబ్బు మొహంతోనే వచ్చి తాళాన్ని అటూ ఇటూ తిప్పాడు. తప్పు యంత్రానిదేనని ఆయనకి వెంటనే తట్టింది. ముప్ఫై ఏళ్ళుగా తరగతిలో చెబుతున్నదీ అదే. స్క్రూగేజి చేతికి తీసుకోగానే కొలవకండి, ముందు దాని శూన్యాంశ దోషం చూడండి. ఖాళీగా ఉన్నప్పుడే అది సున్నా చూపించకపోతే, ఆ తేడాని దిద్దుకున్నాకే కొలత.

“సున్నా జరిగిందంతే. నేర్పేద్దాం రా” అన్నాడు.

ఆవిడ పదిసార్లు గుప్పిట బిగించింది. పచ్చ దీపం వెలిగింది. “మీరు లేకపోతే నా ఉద్యోగం ఏమయ్యేదో” అని నవ్వి వెళ్ళిపోయింది. ఆయన సంతోషంగా వెళ్ళి మిగిలిన సగం గడ్డం గీసుకున్నాడు.

తర్వాతి సోమవారం మళ్ళీ ఎర్రగానే వెలిగింది. ఆ తర్వాతిదీ అంతే. ఆదివారం ముట్టుకోకుండా ఉంచినందుకేనేమో అనుకున్నాడు. వారానికొకసారి దిద్దడం పాల ప్యాకెట్టు తెచ్చినంత మామూలైపోయింది. కొట్టుకి తీసుకెళ్ళి చూపిద్దామా అని హైమవతి రెండుసార్లు అంది. తన దగ్గర చదువుకున్న పిల్ల దగ్గరికి వెళ్ళి తాళం దిద్దడం రాలేదని ఎలా చెప్పడం?

ఆ వారాల్లోనే ఆవకాయ జాడీ మూత తియ్యమని ఆవిడ ఆయన్ని పిలవడం మొదలుపెట్టింది. గ్లాసు ఒకసారి చేతిలోంచి జారింది. ముగ్గు గీతలు వంకర పోతుంటే, “ఏమిటి, ఇవాళ ముగ్గు వణికింది?” అని కూడా అన్నాడాయన. “చలి” అంది ఆవిడ. ఆయన పేపరు తీసుకుని లోపలికి వచ్చేశాడు.

పది సోమవారాలు అలా గడిచాయి. పదకొండో సోమవారం గురించి ఆయన తనలో తాను కూడా మాట్లాడుకోడు.

ఈ పొద్దున తరగతిలో స్క్రూగేజి పాఠం వచ్చింది. ఆయన ఆ రెండు పేజీలూ తిప్పేసి గోళాకార దర్పణాలు మొదలుపెట్టాడు. మొదటి బెంచీ పిల్ల లేచి, “సార్, మధ్యలో వదిలేశారు” అంది. “తర్వాత చెబుతాను, కూర్చో” అన్నాడు. ఒంటిగంటకి పర్మిషను పెట్టి బయటపడ్డాడు.

రమీజా తాళం డొల్లని రెండుగా విప్పింది. లోపలి బోర్డు అడ్డంగా చీలి ఉంది.

“కొత్తది వేస్తాను మాస్టారూ. కానీ ముందు పాతదాన్ని ఒకసారి లేపి మీకు చూపించాలి. చూశాక కూడా మార్చమంటే మారుస్తాను. నా దగ్గరికొచ్చే అందరికీ ఇదే పద్ధతి. పోయినవాళ్ళ తాళమైతే మరీను.”

“కంపెనీవాళ్ళు చదవలేమన్నారుగా.”

“వాళ్ళకి ఇంత ఓపికెక్కడిది?”

వద్దనడానికి ఆయన నోరు తెరిచాడు. అంతలో ఆమె బల్ల కిందినుంచి ఒక చెయ్యి తీసి పైన పెట్టింది. మణికట్టు దాకా ఉన్న బూడిదరంగు రబ్బరు చెయ్యి. లోపల సన్నటి తీగలూ, వెచ్చబెట్టే పలకలూ ఉన్నాయి. పాత తాళం గుర్తుపెట్టుకున్న పట్టుని ఈ చెయ్యి మళ్ళీ పడుతుంది. కొత్త తాళానికి యజమాని చేతిని నేర్పాలంటే, యజమాని ఊళ్ళో లేకపోయినా ఇది చాలు.

“అంటే...” అన్నాడాయన.

“అమ్మగారి పట్టే. ఉన్నదున్నట్టు.”

తెరిచిన నోరు మూసి ఆయన ముందుకి వంగాడు. నలభై మూడు రోజులుగా ఆయన ఆ చెయ్యి కోసం ఇంట్లో ఎక్కడెక్కడో వెతుకుతున్నాడు. దిండు గలీబు అంచున, రిజిస్టరులో చివరి సంతకంలో.

భూతద్దం కింద, వెంట్రుకంత తీగతో రమీజా చీలిక ఒడ్డు నుంచి ఒడ్డుకి ఒక్కొక్క దారీ కలుపుతూ పోయింది. సీసం కరిగిన వాసన వచ్చింది. బడిలో సాయంత్రాలు ఆ పిల్లకి సోల్డరింగు కడ్డీ పట్టుకోవడం నేర్పింది తనే. ఇప్పుడు ఆమె చెయ్యి తన చేతికన్నా నిలకడగా ఉంది. టీ వచ్చి చల్లారి మీగడ కట్టింది.

అరగంట తర్వాత ఆమె తెర వైపు చూసి, చిన్నగా అంది. “పదకొండుసార్లు నేర్పారు.”

“అన్నీ సోమవారాలే.” ఆమె రబ్బరు చేతిని ఆయన వైపు జరిపింది. “ఒక్కో వారానికి ఒక్క పట్టు పెడతాను. పట్టుకోండి.”

ఆయన తన కుడిచెయ్యి అందించాడు. రబ్బరు మెల్లగా వెచ్చబడింది. వేళ్ళు మూసుకున్నాయి. నాలుగు వేళ్ళూ మూసుకున్నాక, కాస్త ఆలస్యంగా, బొటనవేలు.

పెళ్ళిపీటల మీద ఆ చేతిని ఆయన చేతిలో పెట్టినప్పుడు కూడా బొటనవేలు ఆలస్యంగానే మూసుకుంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

రెండో పట్టు కూడా అలాగే ఉంది. మూడోది కొంచెం మెత్తబడింది. నాలుగు, అయిదు. ఆరో పట్టులో ఉంగరపు వేలు వెనకబడింది. ఏడో పట్టులో అది రాలేదు. ఎనిమిదోసారి అరచేతిలో ఏదో సన్నగా కొట్టుకుంటున్నట్టనిపించింది. తొమ్మిదోసారి ఆ వణుకు వేళ్ళన్నిటికీ పాకింది. పదో పట్టు పట్టే కాదు. తడిసిన కాగితం చేతి మీద వాలినట్టుంది.

ఆ చెయ్యి తరిగిపోవడానికి పది వారాలు పట్టింది. ఆయనకి తెలియడానికి అయిదు నిమిషాలు పట్టలేదు. ఆ పది వారాలూ ఆ చేతిని రోజూ ముట్టుకున్నవాడు ఆయనే. అన్నం గిన్నె అందుకున్నాడు, రిజిస్టర్లు అందించాడు, జాడీ మూత తీసిచ్చాడు. తాళానికి ప్రతి సోమవారం తెలిసింది. తెలిసిన ప్రతిసారీ ఆయన దాని నోరు మూయించాడు.

“ఇంకోటుంది” అంది రమీజా.

“చాలమ్మా.”

కానీ అప్పటికే చెయ్యి కదిలింది. ఈసారి వేళ్ళన్నీ ఒక్కసారే, గట్టిగా, నిబ్బరంగా బిగుసుకున్నాయి. బొటనవేలు ముందే మూసుకుంది. నడిమి వేలు లోపలివైపు, సుద్దముక్క పట్టి పట్టి కాయగాసిన చోట, అన్నిటికన్నా బలంగా నొక్కింది.

రమీజా తెర వైపు, రబ్బరు చేతి వైపు, ఆయన చేతి వైపు చూసింది. తర్వాత అతుకులు పెట్టిన బోర్డుని తెరిచిన డొల్లతో సహా ఆయన అరచేతిలో పెట్టింది.

“నొక్కండి మాస్టారూ.”

నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

పక్క షెడ్డులో ఇనుము కోస్తున్న చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఆయన తల ఎత్తలేదు.

“ఆరోజు తను ఎంత నొక్కినా అది ఒప్పుకోలేదు” అన్నాడు. “నేనే తీసుకుని నా చెయ్యి నేర్పాను. నేనే పచ్చ దీపం వెలిగించి ఇచ్చాను. తను వెళ్ళింది.”

హైమవతి అప్పుడు తన అరచేతిని తిప్పి చూసుకుంటూ ఒక మాట అంది. దాన్ని ఆయన రమీజాకి చెప్పలేకపోయాడు.

రమీజా బోర్డుని ఆయన చేతిలోంచి తీసుకుంటూ అంది, “తొమ్మిదో తరగతిలో మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాను మాస్టారూ. శూన్యాంశ దోషం వారం వారం పెరుగుతూ పోతుంటే ఏం చెయ్యాలని. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఏం చెప్పారు?”

ఆమె దెప్పడానికి అడగలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. దెప్పినా బాగుండేది.

“దిద్దడం ఆపి, విప్పి చూడమన్నాను.”

“ఆ మాట పట్టుకునే నేను ఈ పనిలోకొచ్చాను.” ఆమె కొత్త బోర్డు ఉన్న కవరు తీసి ఆయన ముందు పెట్టింది. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంది. “ఇప్పుడు చెప్పండి. మార్చమంటే మారుస్తాను. గురువారం నేను నోరెత్తను. ఎత్తినా, లైసెన్సు కోసం తప్పు మాస్టారి మీదికి తోసిందంటారు.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. నిజంగానే మారుస్తుంది. షట్టరు పూర్తిగా దించుకుని, ఏ షోరూములోనో జీతానికి చేరుతుంది, ఈయన్ని చూస్తే ఎప్పటిలాగే లేచి నిలబడుతుంది. ఆయన కోరుకుంటూ వచ్చింది సరిగ్గా ఇదే. అది బల్ల మీద, చెయ్యి చాచినంత దూరంలో ఉంది.

“వద్దు” అన్నాడు. “బోర్డు ఉండనీ. పై డొల్ల మార్చు, చాలు.”

ఆమె తలవంచి పనిలో పడింది. ఆయన చల్లారిన టీ తీసుకుని, మీగడ పక్కకి తియ్యకుండా, చివరిదాకా తాగాడు. పాత డొల్ల వెనకభాగాన్ని, పసుపు మరక ఉన్నదాన్ని, రమీజా కాగితంలో చుట్టి ఆయన జేబులో పెట్టింది. బయటికొచ్చేటప్పుడు ఆయన మళ్ళీ నోటీసు ముందు వంగాడు. ఈసారి కళ్ళు తప్పించకుండా మొత్తం చదివాడు.

ఇంటికి చేరేసరికి శరణ్య హాల్లో బీరువా తలుపులు బార్లా తీసి, నేలమీద బట్టలన్నీ పరిచి కూర్చుని ఉంది.

“తాళం కనపడట్లేదు నాన్నా! ఎక్కడ పెట్టానో ఏమో, మధ్యాహ్నం నుంచి వెతుకుతున్నాను. ఎల్లుండి వాళ్ళకేం చూపించాలి?”

ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె కొత్త డొల్లని తిప్పి తిప్పి చూసింది. మొహం ఎర్రబడింది.

“ఎక్కడ చేయించావు? ఆవిడ దగ్గరికి వెళ్ళావా? నాన్నా, నీకేమైనా మతి పోయిందా? ఎవరిమీద కేసు పెట్టామో ఆవిడ చేతికే ఇస్తావా?”

“ఒకసారి నొక్కు.”

“నేను నొక్కితే ఏం వస్తుంది, ఎర్రదే వస్తుంది.” నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. “అమ్మ చెయ్యి ఉంటేగా?”

“ఇటివ్వు.”

ఆయన నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది.

శరణ్య దీపం వంక చూసి, ఆయన వంక చూసి, దిగ్గున లేచి నిలబడింది. “చూశావా? చూశావా నాన్నా? నేను చెప్పలా? ఆవిడ లోపల ఏదో మార్చేసింది! అమ్మ తాళం నీ చేతికి వెలగడమేంటి? సాక్ష్యం చెరిపేసింది. ఇప్పుడే ఫోన్ చేస్తాను, రేపటికల్లా ఆ కొట్టు పూర్తిగా మూయిస్తాను.”

ఆమె ఫోన్ అందుకుంది. కళ్ళనిండా నీళ్ళు, వాటి వెనక ఎన్నో రోజుల తర్వాత ఒక చిన్న వెలుగు. తప్పు చేసినవాళ్ళు దొరికారన్న వెలుగు. ఆయన ఏమీ అననక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. మిగిలిందంతా ఆ పిల్లే చేసుకుపోతుంది.

“ఫోన్ పెట్టు తల్లీ. కూర్చో.”

“ఏంటి నాన్నా?”

“కూర్చో.”

ప్రయోగం రికార్డులో ముందు పరికరాలు రాయాలి, తర్వాత పద్ధతి, ఫలితం చిట్టచివర రాయాలి అని ఆయన ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి చెబుతున్నాడు. తల్లి చీరల మధ్య కూతురు మెల్లగా కూర్చున్నాక, ఆయన ఎదురుగా నేలమీదే కూర్చుని, ఫలితంతో మొదలుపెట్టాడు.

“ఆ సోమవారం మీ అమ్మ సెలవు పెడతానంది. నేనే వద్దన్నాను.”

తాళం ఇంకా ఆయన గుప్పిట్లో పచ్చగా వెలుగుతూనే ఉంది.